బొడ్డుకు కుడి పక్కన

అద్దకం మేస్త్రి చేతులు ఏనాడూ చర్మం రంగులో ఉండేవి కావు. ఏళ్ల తరబడి రంగుల కార్ఖానాలో పని. మోచేతుల దాకా నీలమో, ఎరుపో, రెండూ కలిసిన మురికి ఊదానో అంటుకునే ఉండేది. అందుకే మొదటిసారి మూత్రం ఎర్రగా కనబడినప్పుడు, చేతుల రంగే కారిందనుకున్నాడు. నొప్పి లేదు, మంట లేదు. నాలుగు రోజుల్లో మామూలైంది. తర్వాత మళ్లీ ఎర్రబడింది. భార్య పోయినప్పటి నుంచీ ఒంటరిగా ఉంటున్నాడు. ఇలాంటిది చెప్పుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేడు.

కార్ఖానాలో చెప్పుకోదగ్గవాడు, అందరూ పొడుగు అని పిలిచే తోటి పనివాడు ఒక్కడే. తడి దుప్పట్లను చెరో కొసా పట్టుకుని మెలితిప్పి పిండిన జంట వాళ్లది. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అని పిలుచుకునేవారు. అతనికి చెప్పడానికీ మేస్త్రికి నోరు రాలేదు.

చివరికి ఒకరోజు రక్తం గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయింది. అక్క వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లింది. క్యాన్సర్ మూత్రాశయం కండలోకి దిగిందని తేలింది.

“రంగుల్లో కొన్నిటి వల్ల కావచ్చు, మీరు కాల్చిన సిగరెట్ల వల్ల కావచ్చు. ఇప్పుడు మాత్రం మూత్రాశయం మొత్తం తీసెయ్యాలి” అన్నాడు డాక్టరు.

“తీసేస్తే మరి అది ఎటు పోతుందండీ?”

చిన్నపేగులోంచి జానెడు ముక్క కోసి, కిడ్నీల నుంచి వచ్చే గొట్టాలను దానికి కలిపి, దాని రెండో కొసను పొట్ట మీదికి తెస్తామని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. మూత్రం అక్కడి నుంచి, పైన అంటించిన సంచిలోకి పడుతుంది. అది జీవితాంతం.

ఆపరేషన్‌కు ముందు నర్సు అతన్ని కూర్చోబెట్టింది, వంచింది, నిలబెట్టింది. బొడ్డుకు కుడి పక్కన, కాస్త కిందగా, పెన్నుతో గుర్తు పెట్టింది. “ప్యాంటు నడుం పట్టీ దీని మీద పడకూడదు. వంగినా మడత పడకూడదు. మీ కంటికి ఆనాలి” అంది.

మత్తు దిగి, కాస్త కూర్చోగలిగాక పొట్ట మీదికి తెచ్చిన పేగు కొసను చూశాడు. పెదవి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంది. ముట్టుకుంటే ఏమీ తెలియలేదు. మూత్రంలో తెల్లటి జిగురు తీగలు చూసి హడలిపోయాడు. “పేగు ముక్క కదా, జిగురు కార్చే అలవాటు మానదు. కంగారు పడకండి” అని నర్సు నవ్వింది.

ఇంటికొచ్చాక అక్క కొన్నాళ్లు ఉంది. మూడు నాలుగు రోజులకోసారి, పొద్దున్నే, నీళ్లు కూడా తాగకముందే సంచి మార్చుకోవాలి. అప్పుడే కారేది తక్కువ. అతను బాత్రూం గడియ పెట్టుకునేవాడు.

“చెయ్యి వెయ్యనా?” అని అక్క తలుపు బయటి నుంచి అడిగేది.

“అక్కర్లేదక్కా.”

కొంతకాలానికి ఆవిడ వెళ్లిపోయింది. పడుకునేటప్పుడు సంచికి పొడవాటి గొట్టం తగిలించి, మంచం కింద పెద్ద సంచిలోకి వదిలేవాడు. పక్కకు తిరగాలన్నా గొట్టం చూసుకుని తిరగాలి.

ఒకసారి చర్మం సరిగా ఆరకముందే సంచి అంటించాడు. బస్సులో అంచు ఊడింది. ప్యాంటు తడిసింది. దిగిపోయి, చొక్కా బయటికి లాక్కుని, ఇంటిదాకా నడిచాడు. ఆ తర్వాత భయంతో నీళ్లు తగ్గించేశాడు. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చాయి. “నీళ్లు మానేస్తే మళ్లీ నా దగ్గరికే వస్తారు” అని నర్సు చీవాట్లు పెట్టింది.

బరువులు ఎత్తకూడదు కాబట్టి కార్ఖానాలో రంగుల నమూనాలు సరిచూసే బల్ల దగ్గర పని ఇచ్చారు. పొడుగుకు వేరే జంట దొరికాడు. ఎవరూ ఏమీ అనలేదు, ముక్కు మూసుకోలేదు. మేస్త్రే అన్నాలవేళ దూరంగా జరిగి గోడ వైపు తిరిగి తినేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పొడుగు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“బావా, నీకు మొదట్లో నొప్పి ఉండేదా?”

మేస్త్రికి అర్థమైంది. “ఎన్నాళ్ల నుంచి ఎర్రగా పడుతోంది?”

“నెల దాటింది.”

“నెల నుంచీ నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు?”

“భయమేసింది. పొట్టకి బకెట్టు కట్టుకుని తిరుగుతావని మనవాళ్లు అనుకుంటున్నారు.”

మేస్త్రి నవ్వాడు. నవ్వి చాలా కాలమైంది. చొక్కా ఎత్తాడు. అక్కకు కూడా చూపించనిది చూపించాడు.

పొడుగు వంగి చూశాడు. “ఇంతేనా? వాసనేం లేదే.”

“నా పక్కన కూర్చుంటే కదా తెలిసేది.”

“దూరం జరిగింది నువ్వే కదా” అన్నాడు పొడుగు మెల్లగా.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి అతన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. పొడుగు అదృష్టవంతుడు. గడ్డ పైపొరలోనే ఉంది. లోపలికి గొట్టం పంపి గీకేశారు. అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలన్నారు. మూత్రాశయం అతనిది అతనికే మిగిలింది.

డిశ్చార్జి రోజున మేస్త్రే వెళ్లి తీసుకొచ్చాడు. బస్టాండులో పొడుగు కాలు మీద కాలు వేసి మెలికలు తిరిగాడు. “ఆగట్లేదు బావా, మందుల సంచి పట్టుకో” అని మరుగుదొడ్డి వైపు పరుగెత్తాడు.

మేస్త్రి బయట నిలబడ్డాడు. అతనికిక ఎప్పుడూ తొందర ఉండదు. అది తెలియకుండానే కారుతుంది, సంచి బరువెక్కితే తెలుస్తుంది, అంతే. పనిలో మునిగి ఆపుకుని ఆపుకుని, చివరికి పరుగెత్తి వెళ్లాక కలిగే ఆ హాయి గుర్తొచ్చింది. పొడుగు బాగుపడ్డాడన్న సంతోషం నిజమే. దాని పక్కనే అసూయా ఉంది. అందుకు తన మీద తనకే సిగ్గేసింది.

బస్సెక్కాక పొడుగు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. మేస్త్రి అతన్ని లేపలేదు. ఎక్కడ దింపాలో కండక్టరుకు చెప్పి, మందుల సంచి అతని ఒళ్లో పెట్టి, ముందే వచ్చిన తన స్టాపులో దిగి ఇంటికి నడిచాడు.