రంపపు పొట్టులో నిలిచిన కాలు

అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో నా చిన్నప్పుడు, వాన పట్టిందంటే మాకు మైదానం ఉండేది కాదు. పిల్లలమంతా కలప దాచే రేకుల షెడ్డులోకి చేరి, నేలమీద పరిచిన రంపపు పొట్టులో కబడ్డీ ఆడుకునేవాళ్లం. మా వాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వలలు చుట్టుకుని కొత్తగా ఈ దీవికి వచ్చారు. నేను పాలు తాగే వయసులో జ్వరం తగిలి ఎడమకాలు సన్నబడింది. ఆ కాలితోనే నడక నేర్చాను, పరుగు నేర్చాను, ఆటలో కూతకీ వెళ్లాను. అయినా కుంటోడనే పిలిచేవాళ్లు. కాలు నాది, బెంగ ఊరందరిదీ! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అందరికంటే పెద్ద బెంగ మా నాన్నమ్మది. ఆమె మాతో రాకుండా శ్రీకాకుళం వైపు సొంతూళ్లోనే ఉండిపోయింది. ఓడలో వంటపని చేసే మా పెదనాన్న ఆ వానల్లో ఆమె కబురు మోసుకొచ్చాడు. కాలు బాగుపడకపోతే పిల్లాణ్ణి వచ్చే ఓడకి తన దగ్గరికి పంపేయాలట. దీవిలో ఆ కాలితో ఏం బతుకుతాడట.

"బాగానే ఉన్నాడని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదురా. నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తన్నారంటది. కళ్లకి చూపించమంటంది," అన్నాడు పెదనాన్న. మా నాన్న తల్లిమాట కాదనే మనిషి కాదు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. నన్ను ఓడెక్కిస్తే మళ్లీ ఎప్పటికి చూస్తుందో ఆమెకే తెలియదు.

ఫోటో తీసి పంపుదామన్న ఆలోచన పక్కింటి భయ్యాది. ఆయన రేవు అవతల పోర్టుబ్లేయర్‌లో ఒక స్టూడియోలో పనిచేసేవాడు. ఊరికే నిలబెట్టి తీస్తే నాన్నమ్మ నమ్మదు, ఎవరో వెనక నుంచి పట్టుకున్నారంటుంది. ఆడుతుండగానే తీయాలి. ఓడ కదిలేలోగా ఫోటో కడగాలి కాబట్టి వాన వెలిసేదాకా ఆగే వీల్లేదు. షెడ్డులో చూస్తే పట్టపగలే మునిమాపులా ఉంది.

వెలుగు కోసం నాన్న, ఆయన పడవవాళ్లు వేటకి తీసుకెళ్లే పెట్రోమాక్స్ లైట్లు తెచ్చారు. తెచ్చి, పడవలో కట్టే అలవాటు కొద్దీ మోకాలెత్తున కట్టారు, వెలుగంతా కిందికే పడేలా పైన రేకుమూతలు పెట్టి. నీళ్లలో చేపలకి అది సరే. షెడ్డులో మాత్రం మా పాదాలు పెళ్లికొడుకుల్లా వెలిగిపోతున్నాయి, ముఖాలు చీకట్లో ఉన్నాయి.

"అరే చాచా! ఫోటో తీయాల్సింది బచ్చాలకా, రొయ్యలకా?" అని భయ్యా తల పట్టుకున్నాడు. ఒక లైటు పైకెత్తబోతే లోపల వెలిగే మాంటిల్ వత్తి కాస్తా పొడిపొడిగా రాలిపోయింది. మిగతావాటిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

భయ్యా కెమెరాని ఒక దుంగమీద ఆనించి, నాకు సంగతి చెప్పాడు. చీకట్లో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతసేపూ కదిలేది ఏదైనా పొగలా పడుతుంది. నేను సాయం చేద్దామనుకున్నాను. కూతకి వెళ్లి, మధ్యలో కాలెత్తి బొమ్మలా ఆగిపోయి, కెమెరా వైపు చూశాను. అవతలి జట్టువాళ్లు ఊరుకుంటారా? అందరూ మీదపడి నన్ను పొట్టులో బోర్లించారు. "హీరోగారు ఫోటో దిగుతున్నార్రోయ్!" అని ఒకటే నవ్వులు. భయ్యా నవ్వలేదు. రీలు చివరికొచ్చేసింది మరి.

"నువ్వు ఆగకు బేటా. ఆడు. ఆటే నిన్ను ఎక్కడో ఒకచోట ఆపుతుంది. దాన్ని పట్టుకోవడం నా పని," అన్నాడు.

తర్వాత ఆయన చాలాసేపు కెమెరా జోలికే పోలేదు. దుంగ పక్కన కూర్చుని నా కూతలు చూస్తూ ఉన్నాడు. కాసేపటికి నేను ఆయన్నీ మరిచాను, ఓడనీ మరిచాను. రేకులమీద వాన హోరు. ఆయన ఎప్పుడు నొక్కాడో నాకు తెలియదు.

భయ్యా ఫోటో కడిగి ఇంటికి తెచ్చాడు. నడుం పైన అంతా చీకటే, ముఖం లేదు. అవతలివాణ్ణి తాకడానికి చాచిన కుడికాలు పొగలా చెదిరింది. ఎడమకాలు మాత్రం పిక్క బిగిసి, ఒంటి బరువంతా మోస్తూ, పొట్టులో గీసినట్టు నిలబడింది. "ఎవడిదో కాలు పంపినారంటది మా అమ్మ," అని నాన్న నిట్టూర్చాడు. వేరే దారి లేక పెదనాన్న దాన్నే పట్టుకెళ్లాడు. అమ్మ నా బట్టలు మడిచి మూటకట్టి ఉంచింది.

మళ్లీ ఓడ వచ్చిన రోజున పెదనాన్న మమ్మల్ని చూస్తూనే దూరం నుంచి చెయ్యూపాడు. నాన్నమ్మ ఆ ఫోటోని గుమ్మంలో వెలుగుకి పెట్టి చూసి, పక్కవేలిమీదికి ఎక్కిన చిటికెనవేలి దగ్గర ఆగిపోయిందట. మేం దీవికి రాకముందు నా కాళ్లకి నూనె రాసిన చేతులు ఆమెవి. "ఈ ఏలు మా ముసిలోడిది. ఈడు నా మనవడే. ఆ కాలిమీద అంత బరువు ఆపుకుంటన్నోడిని నేనెందుకు తెచ్చుకోవాలి? అక్కడే ఉండనీండి," అందట. అమ్మ జెట్టీ మెట్లమీద కూలబడి, నా కాళ్లు రెండూ వాటేసుకుని, ఏడుస్తూ నవ్వింది.

నేను బడికి పోయింది తక్కువ. చదివిన నాలుగు ముక్కలూ నా అంతట నేను చదువుకున్నవే. తర్వాత కూడా చాలామంది నన్ను నడిచి చూపించమన్నారు, పనిలో చేర్చుకోబోయేవాళ్లూ, పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లూ. ఏం, వాళ్లకి కళ్లు లేవా? ఎవరికోసమూ నేను ప్రత్యేకంగా నిలబడలేదు. నా పని చేసుకుంటూ పోయాను, చూడగలిగినవాళ్లు చూశారు. నన్ను నేను రుజువు చేసుకోవాలన్న బరువు ఆ షెడ్డులోనే దిగిపోయింది. ఇన్నేళ్లుగా ఎంత తేలిగ్గా ఉందో!