మాత్రలో ఏ గంజి?

రాగి సంగటితో పెరిగిన నా కడుపుకు గోధుమ పడదని హిందూపురం డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. షుగర్ రాకుండా చపాతీలు తినమని అందరూ చెబితే అరవై దాటాక మొదలుపెట్టాను. షుగర్ రాలేదు, విరేచనాలు వచ్చాయి. కట్టిన చీర నడుము మీద నిలవనంతగా చిక్కిపోయాక అసలు సంగతి తేలింది. గోధుమలో గ్లూటెన్ అనే బంక ఉందట, అది నా పేగును పాడు చేస్తోందట. డాక్టరమ్మ చీటీ మీద 'వీట్' అనే మాటను ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఒకసారి, చిన్నక్షరాలతో ఒకసారి రాసిచ్చింది. ఆ ఐదక్షరాలు ఎక్కడ కనబడినా ముట్టుకోవద్దంది. నేను తెలుగు చదవడం నేర్చుకున్నదే యాభై ఐదేళ్లకు. ఇంగ్లీషులో నాకు వచ్చిన మొదటి మాట నేను తినకూడనిది.

చపాతీలు మానేశాక మళ్లీ మనిషినయ్యాను. అయితే చవగ్గా దొరుకుతాయని పెనుకొండలో జెనరిక్ షాపులో బీపీ మాత్రలు కొనడం మొదలుపెట్టిన వారానికే కడుపు పాత పాట అందుకుంది. అదే మందు, కంపెనీ వేరు. మానేస్తే తల తిరుగుతుంది, వేసుకుంటే కడుపు తిరుగుతుంది. ఒక ముసలిది ఎన్ని రకాలుగా తిరగాలి? మాత్రల అట్ట పట్టుకుని షాపుకు పోయాను.

"ఏమప్పా, దీంట్లో గ్లూటెన్ ఉండాదా?"

"ఇది బీపీ మాత్రవ్వా. గ్లూకోజు ఉండదు," అన్నాడు షాపతను.

"గ్లూకోజు కాదు. గోధుమ బంక."

"మాత్రలోకి గోధుమలు యాడనుంచి వస్తాయి? ఇది మందుల షాపు, పిండి మర కాదు."

"మందు ఐదు మిల్లీగ్రాములేనని రాసిండాది గదా. మరి మాత్ర ఇంత లావెందుకుండాది? మిగిలిందంతా ఏంది?"

అతను కళ్లజోడు పెట్టుకుని అట్ట వెనక చదివాడు. "ఎక్సిపియెంట్స్, క్యూ ఎస్. అంటే మందుకు తోడు వేసే సరుకులు, తగినంత."

నాకు ఒళ్లు మండింది. ఉప్పు తగినంత అని రాసే వంటల పుస్తకాలనే నేను ఇంతవరకు క్షమించలేదు.

"ఏం సరుకులప్పా?"

"స్టార్చ్ వేస్తారు. గంజి అనుకో."

గంజి మాట నా దగ్గరా? ధర్మవరంలో నేను, మా ఆయన ముప్పై ఏళ్లు ఇస్త్రీ బండి నడిపాం. బియ్యం గంజి పెట్టిన చీర ఏదో, సగ్గుబియ్యం గంజి ఏదో, మైదా గంజి ఏదో కళ్లు మూసుకుని తడిమి చెబుతాను.

"ఏ గంజి?"

"గంజిలో కూడా రకాలుంటాయా అవ్వా?"

నా వెనక నిలబడ్డ ఒకాయన నవ్వాడు. "మాత్రకు ఇస్త్రీ కూడా చేయల్లనా?"

"నీ మొగానికి చేస్తా రా. ముడతలు పోతాయి."

షాపతను మంచివాడు. మందు పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ కలిపి నాకిచ్చాడు. అవతలి అమ్మాయికి కూడా గంజి రకాలు తెలియవు. బ్యాచ్ నంబరు, నా ఫోన్ నంబరు రాసుకుని, కనుక్కుని చెబుతానంది. అంతవరకు ముందు వాడిన కంపెనీ మాత్రలే వేసుకోమని షాపతను చెప్పాడు. వేసుకున్నాను. కడుపు ఆగలేదు.

నాలుగో రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "మొక్కజొన్న స్టార్చేనండి. గోధుమది ఏదీ కలపలేదు."

ఫోన్ పెట్టేసి డాక్టరమ్మ చీటీ మళ్లీ తీశాను. మాత్ర దొంగ కాకపోతే దొంగ ఎవరు? మా ఆయన యథాప్రకారం గ్లాసెడు ఇంగువ మజ్జిగ తెచ్చాడు. "తాగు, కడుపు సర్దుకుంటాది." అరుగుదలకు మంచిదని రోజూ ఒక గ్లాసు ఇస్తున్నవాడు, నా కడుపు చెడ్డాక రెండు చేశాడు. ఆ ఇంగువ పొడి డబ్బా మేము జెనరిక్ షాపుకు మొదటిసారి పోయిన రోజే పక్క అంగట్లో కొన్నది. అంతకుముందు మా ఇంట్లో ఇంగువే లేదు.

చీటీ చేతిలోనే ఉంది. డబ్బా తిప్పాను. చీమల్లాంటి అక్షరాల మధ్య ఆ ఐదూ వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఏమయ్యా, ఇంగువలో గోధుమ పిండి కలిపినారు. చూడు."

ఆయనకు అక్షరం ముక్క రాదు, అయినా డబ్బాను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది. "అయితే ఇన్ని దినాలు నేనే పోస్తాంటినా? ఎంత పోసింటానే?"

"తగినంత."

ఇంగువ మానేసిన మూడో వారానికి కడుపు కుదుటపడింది. మళ్లీ జెనరిక్ షాపుకే పోయాను. ఈసారి ఇంకో కంపెనీ అట్ట ఇచ్చాడు, ఇచ్చి నా మొహం చూశాడు. నేను నోరు తెరవకముందే పెట్టె మీది నంబరు వెతకడం మొదలుపెట్టాడు.