లోపలి పుస్తకం రాసిన అంకుల్

అంకుల్ పోయారన్న మెసేజ్ వచ్చేసరికి నేను ఆఫీస్‌కి వెళ్ళే ట్రైన్‌లో ఉన్నాను. పంపింది ఆయన కూతురు. "నాన్న ఈ ఉదయం పోయారు. ఆదివారం అంత్యక్రియలు. నిన్నొకటి అడగాలి." మాన్‌హాటన్‌లో దిగి, ఆఫీస్ మొహం చూడకుండా ఎదురు ట్రైన్ ఎక్కి జెర్సీ సిటీకి తిరిగొచ్చేశాను. సీట్లన్నీ ఖాళీయే, కూర్చోబుద్ధి కాలేదు. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు. అది చెప్పనని ఆయనకి మాటిచ్చాను.

ఆయన మాకు చుట్టం కాదు. మా బిల్డింగ్‌లోనే ఏడో అంతస్తులో ఉండే చైనా పెద్దాయన. రెండు వీధుల అవతల ఒక పాత మేడ మీద వాళ్ళ సంఘం ఉంది. దానికి నలభై ఏళ్ళు ఆయనే సెక్రటరీ. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మన అలవాటు కొద్దీ అంకుల్ అన్నాను. వాళ్ళలోనూ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారట.

పరిచయం లాబీలో, నా పార్సిల్ దగ్గర. దాని మీది పేరు చూసి, "ఇందులో మీ నాన్న ఇంటిపేరేది, నీ పేరేది?" అని అడిగారు. పాస్‌పోర్ట్‌లో నా పేరు తిరగబడిందనీ, ఎనిమిదేళ్ళుగా మా మేనేజర్ నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తున్నాడనీ చెప్పాను. గోడ పట్టుకుని మరీ నవ్వారు. "ఇంటిపేరు ముందు రాసుకునేవాళ్ళని ఈ దేశం తలకిందులుగా నిలబెడుతుంది" అన్నారు. తర్వాత, "నీకు కంప్యూటర్ వచ్చా?" అన్నారు. న్యూజెర్సీలో తెలుగుదాన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది!

అలా నా శనివారాలు సంఘానికి వెళ్ళిపోయాయి. ఆయన సంఘం చరిత్ర చెప్పేవారు, నేను టైప్ చేసేదాన్ని. మొదలుపెట్టింది బట్టలుతికి ఇస్త్రీ చేసి బతికినవాళ్ళు. ఊరి నుంచి ఉత్తరాలు వాళ్ళ గదులకి కాదు, సంఘానికి వచ్చేవి. జబ్బు చేస్తే కనిపెట్టుకుని ఉండేదీ, పోతే మట్టి చేసేదీ సంఘమే. అయితే అక్కడ పుస్తకాలు రెండు. ఆ రోజుల్లో చైనా వాళ్ళకి ఈ దేశంలో అడుగు పెట్టడమే గగనం. ఇక్కడి పౌరుడి కొడుకైతే రానిచ్చేవారు. అందుకని చాలామంది కాగితం మీద వేరే వాళ్ళ కొడుకులుగా, వేరే పేర్లతో వచ్చారు. బయటి పుస్తకంలో కాగితం పేరు. లోపలి పుస్తకంలో అసలు పేరు, అసలు ఊరు. అది చూసేది సెక్రటరీ ఒక్కరే, ఇప్పుడు టైప్ చేసే నేను. మనిషి పోయినప్పుడు, శవపెట్టె మూసే ముందు, సెక్రటరీ లేచి ఆ అసలు పేరు గట్టిగా పిలవాలి. అది వాళ్ళ ఆచారం. "అరువు పేరుతో మనిషిని సాగనంపకూడదు" అనేవారు అంకుల్. భయం కొద్దీ ఆయనకి కూడా పేరు చెప్పనివాళ్ళున్నారు. ఆ ఖాళీ గడుల దగ్గర ఆయన వేలు ఆగిపోయేది.

ఆయనా పద్నాలుగో ఏట అలాగే వచ్చారు. రేవులో అధికారులు అడుగుతారని, కాగితం మీది తండ్రి ఇంటి గురించి నెలల తరబడి బట్టీ పట్టారట. గుమ్మానికి ఎన్ని మెట్లు, బియ్యం జాడీ ఏ పక్కన, మూడో ఇల్లు ఎవరిది. "ఇప్పుడడిగినా తడుముకోకుండా చెప్తాను. మా సొంత ఇంటికి ఎన్ని మెట్లో మాత్రం గుర్తు లేదు" అన్నారు. ఊరుకోలేక, వీసా ఇంటర్వ్యూకి మేం కూడా హైదరాబాద్‌లో మాక్ ఇంటర్వ్యూలు చేశామని చెప్పాను. "నువ్వు నీ పేరే చెప్పావు కదా, తలకిందులుగానైనా" అన్నారు.

ఒకసారి పెద్ద తప్పు చేశాను. రెండు వరుసల్లో ఒకే కాగితం పేరు, ఒకే పుట్టినతేదీ ఉన్నాయి. మా వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? డూప్లికేట్ అనుకుని ఒకటి డిలీట్ చేశాను. ఆయన ప్రింటవుట్ మీద వేలు పెట్టి చదువుతూ, "ఇక్కడ ఒక మనిషి లేడు" అన్నారు.

"డూప్లికేట్ అంకుల్, తీసేశాను."

"మొదటివాడు పోయాక అతని కాగితాల మీద రెండోవాడు బతికాడు. గవర్నమెంట్‌కి ఒక్కడే. మాకు ఇద్దరు." కోప్పడలేదు, వెళ్ళి టీ పెట్టారు. నాకైతే సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆయన గడి కూడా ఖాళీగానే ఉండేది. "అందరివీ రాసి మీది రాసుకోరేం?" అని వేధించగా వేధించగా, ఒక శనివారం చెప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాను. అలా పలికితే అది పేరే కాదన్నారు. "పాడినట్టు అను" అంటూ నా చేత పదిసార్లు అనిపించారు. చివరిసారి విని కళ్ళు మూసుకున్నారు.

తర్వాత టీవీలో రోజూ అవే వార్తలు, కాగితాలు సరిగా లేవని ఎవరినో పట్టుకెళ్ళారు, ఎవరినో పంపేశారు అని. ఒక మధ్యాహ్నం చెప్పులైనా లేకుండా మా తలుపు దగ్గరికొచ్చారు. "కంప్యూటర్‌లోంచి లోపలి పేర్లన్నీ తీసెయ్. ముందు నాది తీసెయ్. మా అమ్మాయికి చెప్పకు."

"డెబ్భై ఏళ్ళ నాటి మాట అంకుల్. ఇప్పుడెవరు అడుగుతారు?"

"కాగితానికి వయసుండదు" అన్నారు. సరే, చెప్పనన్నాను. తీసేస్తానని కూడా అన్నాను.

మా ఆయన విని విసుక్కున్నాడు. "నీకెందుకే ఈ గొడవంతా? మన గ్రీన్ కార్డే ఇంకా క్యూలో ఉంది. డిలీట్ చేయమన్నారుగా, చేసెయ్." కాదనలేకపోయాను, చేయనూ లేదు. మొహం చెల్లక రెండు శనివారాలు సంఘానికి వెళ్ళలేదు. ఆ రెండో వారంలోనే ఆయన పోయారు. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు.

ఆయన పోయిన రోజు సాయంత్రం కూతురు వచ్చింది. "నాన్నది అసలు పేరు కాదని అమ్మ పోయే ముందు చెప్పింది. అదేంటో చెప్పలేదు. నీకు తెలుసా?"

"తెలియదు" అన్నాను. ఆమె థాంక్స్ చెప్పి వెళ్ళింది. ఆదివారం దాకా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియదు.

అంత్యక్రియల్లో పెట్టె మూసే వేళైంది. సంఘం ప్రెసిడెంట్ లోపలి పుస్తకం తెరిచి, ఆయన గడి చూసి, మెల్లగా మూసేశాడు. పేరు పిలవడానికి ఎవరూ లేవలేదు. ఇక ఆయన్ని ఎవరు మాత్రం ఎక్కడికి పంపగలరు? లేచి పిలిచాను. మొదటిసారి రాగం తప్పింది. మళ్ళీ పిలిచాను, ఆయన నేర్పినట్టు. కూతురు నా వైపు చూసింది. నేను అబద్ధమాడానని ఆమెకి తెలిసిపోయింది. తర్వాత తండ్రి చెవి దగ్గరికి వంగి ఆ పేరే అంది, నాకంటే ఎంతో బాగా.

మాట తప్పాను. అది తప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, నన్నడక్కండి.

బయటికొచ్చి కారు తలుపు తీస్తుంటే ఎవరో నా మోచేయి పట్టుకున్నారు. వాకర్‌తో ఒక ముసలావిడ. అటూ ఇటూ చూసి, "మా ఆయన అసలు పేరు కూడా రాసుకో" అంది. నా పెన్ను తీసుకుని, అంత్యక్రియల కాగితం వెనక, నా కారు బానెట్ మీద, మూడు చైనా అక్షరాలు రాసింది. ఆమె వెనక ఇంకా ఏడెనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారు. మా అందరి దగ్గరా ఉన్నది ఆ ఒక్క పెన్నే.