ఎక్స్‌రే కిటికీకి బొట్టు

మా ల్యాబు పరువు నేను గంగలో కలిపిన వైనం చెబుతాను. మీరు నవ్వండి, పరవాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

అమలాపురం నుంచి వెళ్ళి రసాయనశాస్త్రంలో పరిశోధన వెలగబెడుతున్న రోజులవి. ఇనుముతో జరిగే ఒక చర్యలో నడిమధ్య ఓ పదార్థం పుట్టి, రెప్ప వేసేలోగా మాయమైపోతుంది. అది పోయేలోపు ఎక్స్‌రేలు పంపి పట్టుకోవాలి. అందుకు కావలసిన మహా యంత్రం పరాయి ఊళ్ళో ఉంది. బతిమాలితే మాకు రెండ్రోజులిచ్చారు. మొదటిరోజు నాది, రెండోది మా సీనియరు లక్ష్మిగారిది. ఆవిడది రాజోలు. ఆ ఒక్కరోజు కొలతలు దొరికితే ఆవిడ థీసిస్ పూర్తయినట్టే.

మా ఇంట్లో కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టందే స్విచ్చి వెయ్యరు. అమ్మ ఇచ్చిన మురమళ్ళ గుడి కుంకుమ పొట్లం నా జేబులోనే ఉంది. లక్ష్మిగారు టీకి వెళ్ళగానే, ద్రావణం పారే చిన్న పెట్టెకు సరిగ్గా నడిమధ్యన బొట్టు పెట్టాను. ఎక్స్‌రేలు దూరే కిటికీ అదేనని తెలియక కాదు. బొట్టు మధ్యలో కాక మూలకు పెడతారా చెప్పండి?

గ్రాఫులో ఎవరూ ఎరగని చోట ఇనుము గీత పైకి లేచింది. లక్ష్మిగారి మొహం వెలిగిపోయింది.

"దొరికేసిందండీ మీకు! రేపు నా రోజు కూడా మీరే వాడుకోండి. నాది తర్వాత చూసుకుందాం."

వద్దనాలి కదా మనిషన్నవాడు? "ఆయ్" అన్నాను. అక్కడితో ఆగానా, మావయ్యకు ఫోన్ చేశాను. ఆయన వీధంతా పూతరేకులు పంచారట.

మర్నాడు సాయంత్రానికి లక్ష్మిగారికి అనుమానం వచ్చింది.

"రెప్పపాటులో పోవాలి కదండీ? నిన్నట్నుంచీ ఉందేవిటి?"

"గట్టి పిండమండీ," అన్నాను గర్వంగా.

ద్రావణం ఆపించారు. గీత ఉంది. పెట్టె ఖాళీ చేయించారు. అయినా ఉంది. ఎక్స్‌రేలు ఆపించి లోపలికి వెళ్ళి, పెట్టె పట్టుకొచ్చారు. దాన్ని చూసి, నా నుదుటి మీది బొట్టు చూశారు. చవక కుంకుమ ఎరుపులో ఇనుము ఉంటుందని తాపీగా చెప్పి, తడికాగితంతో తుడిచేశారు. మళ్ళీ చూస్తే గీత లేదు. మాకిచ్చిన సమయమూ లేదు.

ఆవిడ మూత తీయని తన సీసాలు సర్దుకున్నారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. మావయ్య మాత్రం, "ఇప్పుడు వీధిలో ఏం చెప్పమంటావురా?" అన్నారు.

మరుసటి ఏడు ఆవిడకు మళ్ళీ అవకాశం వచ్చింది. సాయానికి నేను వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి, "జేబులు చూపించండి," అన్నారు. చూపించాను.

అక్కడే ప్రతిజ్ఞ చేశాను: ఈ ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం, నుదురు లేని దేనికీ బొట్టు పెట్టను. మిక్సీతో సహా.