పలకని పెట్టె

ఇల్మో నలభై ఏళ్లు టెలిఫోన్ తీగలు బాగుచేశాడు. ఊరికే నిశ్శబ్దంగా ఉన్న లైనేదో, చచ్చిన లైనేదో చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, చెప్పేసేవాడు. అంతటివాడు అరవైతొమ్మిదో ఏట చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఇల్లు సరస్సుకి ఈ ఒడ్డున, చెల్లెలు సైమి ఇల్లు ఆ ఒడ్డున. చలికాలంలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె గడ్డకట్టిన సరస్సు మీద జారుడుబండి తోసుకుంటూ అన్న ఇంటి ఆవిరిగదికి స్నానానికి వచ్చేది. దారి మధ్యలో సరస్సు సన్నబడే ఒక ఇరుకు ఉంది. అక్కడ అడుగున నీళ్లు పారుతుంటాయి, పైమంచు ఎప్పుడు పలచబడుతుందో తెలియదు. ఒక ఏడాది పొరుగాయన అక్కడే మునిగిపోయాడు. ఆ తర్వాత ఇల్మోకి చెల్లెలి గురించే బెంగ పట్టుకుంది. అరచేతిలో పట్టే సర్క్యూట్ బోర్డు కొని, నీటి వేడి కొలిచే తీగా, ఛార్జింగ్ బ్యాటరీ, సోలార్ పలకా తగిలించి, పెట్టెలో పెట్టి ఇరుకు పక్కన స్తంభానికి బిగించాడు. అక్కడ మంచు ఎలా ఉందో అది ఇద్దరి ఫోన్లకీ గంటకోసారి కబురు పంపేది. డిసెంబరులో సూర్యుడు అడవి మీదికి కాస్త తొంగిచూసి దిగిపోతాడు కదా, నాలుగు రోజులకే బ్యాటరీ ఖాళీ.

"ఇది ఇలా వాగుతుంటే నేను తిండి పెట్టలేను," అన్నాడు ఇల్మో కాఫీ పోస్తూ. "మంచు పలచబడితేనే నోరు విప్పమని చెప్తా. పలకలేదంటే బాగున్నట్టు."

"అచ్చం మన నాన్నే," అంది సైమి. "ఏమీ అనకపోతే సంతోషంగా ఉన్నట్టు."

ఇద్దరికీ ఆ ఏర్పాటు నచ్చింది. వాళ్లు పెరిగిందే అలా. ఇల్మో భార్య పోయినప్పుడు సైమి రొట్టెలు తెచ్చి, ఒక్క మాటా అడక్కుండా కట్టెలు పేర్చి వెళ్లింది. అది చాలనుకున్నారు.

జనవరిలో మూడు వారాలు మైనస్ ముప్పై. పలక మీద నూగుమంచు పేరుకుంది. గడ్డకట్టే చలిలో ఆ రకం బ్యాటరీకి ఛార్జ్ ఎక్కదని ఇల్మోకి తెలుసు. అందుకే ఉన్ని మేజోడులో చుట్టి పెట్టాడు. ఆ చలికి మేజోడు ఏపాటి! తర్వాత వారం రోజులు వాన, తడిగాలి. పెట్టె పలకలేదు. ఇల్మో ఫోను చూసుకుని బాగుందనుకున్నాడు. ఒక్కసారైనా వెళ్లి చూడలేదు మహానుభావుడు.

ఆ శనివారం ఆవిరిగదికి నీళ్లు తోడుదామని ఒడ్డుకి వెళితే, కాలికింద మంచు మెత్తగా దిగింది. ఫోను చూశాడు. ఏమీ లేదు. తలెత్తేసరికి సైమి ఇరుకు దగ్గరికి వచ్చేసింది.

"సైమీ, ఆగు! వెనక్కి పో!"

జన్మలో అంత గొంతెత్తి ఎరగడు. ఆమె ఆగి, వినబడలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టింది. నిలబడ్డ చోటే మంచు విరిగింది.

మంచు విరిగితే పాకి బయటపడడానికని మెడలో వేసుకున్న మేకుల జతను మంచులో గుచ్చుకుంటూ ఆమె తనంతట తనే పైకి పాకింది. ఇల్మో నిచ్చెన పరిచి లాక్కొచ్చాడు. ఊపిరితిత్తులకి నెమ్ము చేసి మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఆ రోజుల్లోనే ఆయన పెట్టె తెరిచాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పెద్ద పలక తెచ్చి, మంచు నిలవకుండా నిలువుగా బిగించాడు, బ్యాటరీ మార్చాడు. ఇప్పుడది రోజూ మధ్యాహ్నం "ఉన్నాను" అని ఒక్క మాట పంపుతుంది. పంపకపోతే ఎవరూ మంచు మీద అడుగుపెట్టరు.

సైమి ఇంటికి చేరి పది రోజులైంది, ఆమె దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. ఇంతకుముందైతే బాగానే ఉందిలే అనుకునేవాడు. పదకొండో రోజు తనే చేశాడు. అలా చేయడం వాళ్లింట్లో ఎరగరు.

"ఎలా ఉన్నావు?"



"నేనేమీ అనలేదు కదన్నయ్యా," అంది సైమి.

"అందుకే అడుగుతున్నా."