మా డ్రిల్లు మాస్టారు, రెండేళ్ల రగ్బీ లీగు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. కబురు చెప్పింది ఆయన కూతురు. కొత్తవలసలో నేను పనిచేసే బడిలో అప్పుడే ప్రార్థన అయి పిల్లలు వరసలు విడుతున్నారు. ఫోన్లో ఆ అమ్మాయి "అన్నయ్యా, నాన్న..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పక్కర్లేకపోయింది. ఆయన గుండెకి మందులు వాడుతున్నారని తెలుసు. అయినా రాజాం బస్సులో కూర్చున్నాక కూడా, వెళ్లేసరికి అరుగు మీంచి "ఒరే, ఇంతాలీసమేటిరా?" అంటారనే అనుకున్నాను.

మాది నౌపడ దగ్గర సముద్రపొడ్డు పల్లె. నాన్న వేటకెళ్లేవాడు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగేది. మా హైస్కూలు వెనక ఉప్పు మడులు. మాస్టారిది రాజాం పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. ఉద్యోగం ఆయన్ని మా వైపు తెచ్చింది. ఒకసారి ఖోఖో జట్టుతో భువనేశ్వర్ వెళ్లి, అక్కడి పిల్లలు రగ్బీ ఆడుతుంటే చూసి, తిరిగొచ్చేటప్పుడు సంచిలో ఒక బంతి వేసుకొచ్చారు. గుండ్రంగా లేని ఆ బంతికి మేం పనసకాయ అని పేరు పెట్టాం.

బడి మైదానం గట్టి నేల. పడితే మోచేతులు చెక్కుకుపోయేవి. అందుకని సాయంత్రాలు మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్లి తడి ఇసకలో ఆడించేవారు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, విజిలు నోట్లో ఉంచుకునే మాట్లాడేవారు. సగం మాటలు ఈలలో కలిసిపోయేవి. బంతితో ఎదురొచ్చేవాణ్ని మోకాళ్లు వంచి, చేతులు చాపి ఎలా ఆపాలో తనే నిలబడి చూపించేవారు. వాణ్ని చూసి ఎవరైనా పక్కకి తప్పుకుంటే "పడితే లెగుద్దువులేరా, ముందు పట్టు" అనేవారు. దెబ్బ తగిలితే జేబులోంచి కొబ్బరినూనె సీసా తీసి తానే రాసేవారు.

నేను ఐటీఐ పూర్తిచేసి విశాఖలో రైల్వే అప్రెంటిస్‌గా ఉన్న రోజుల్లో ఆ లీగు వచ్చింది. రగ్బీ ఆడితే జీతమిస్తారన్న మాట మేం వినడం అదే మొదలు. నగరాల పేర్లతో జట్లు, బయటి దేశాల కోచ్‌లు, చొక్కా వెనక మన పేరు. ఎంపికలకి మాస్టారే వెంటబెట్టుకుని వెళ్లారు. నన్ను తీసుకున్నారు. కానీ అప్రెంటిస్ మధ్యలో వదిలేస్తే మళ్లీ రానివ్వరు. అమ్మ ససేమిరా అంది. మాస్టారు మా ఇంటికొచ్చారు.

"రైలు కొలువొగ్గేసి బంతాటకి పొమ్మంతావేటి మేస్టారూ? రేపు ఆ ఆటే నేకపోతే నా బిడ్డ గతేటి?" అంది అమ్మ.

"నానున్నాను కదమ్మా. నా మాట మీద పంపు."

అమ్మ ఆయన మొహంలోకి చూసి, సరేనంది.

రెండు చలికాలాలు ఆడాను. రెండో ఏడు కలకత్తాలో ఒక మ్యాచి. గీత దాటి బంతిని నేలకి ఆనిస్తేనే పాయింట్లు. ఇద్దరు నన్ను నడుం పట్టి లాగుతున్నారు. బంతి నేలకింకా జానెడు ఎత్తులో ఉంది. అంత గోలలోనూ "నొక్కరా ఒరే, నొక్కు!" అని తెలుగులో ఒక గొంతు. నొక్కాను. లేచి చూస్తే మెట్ల మీద మాస్టారు! చెప్పకుండా జనరల్ బోగీలో వచ్చేశారు. చంకలో అమ్మ పంపిన ఎండు నెత్తళ్ల వేపుడు డబ్బా. ఆయన పక్కనున్నవాళ్లకి నన్ను చూపించి ఏదేదో చెబుతున్నారు. వాళ్లకి మాట అర్థం కాకపోయినా నవ్వుతున్నారు.

మూడో ఏడు లీగు జరగలేదు. ఈసారికి లేదు, తర్వాత చెబుతామని ఫోన్లో ఒక మెసేజ్ వచ్చింది. తర్వాత ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఇక లీగు లేనట్టేనని నేను చెప్పాక మాస్టారు మర్నాడే మా ఇంటికొచ్చారు. అమ్మ పెరట్లో చేపలు ఎండబెడుతోంది. ఆయన చెప్పులు విడిచి, ఎండలోనే నిలబడి, "నీ కొడుకుని సెడగొట్టీసినానమ్మా" అన్నారు.

అమ్మ చెయ్యి ఆపలేదు. "ఏటకెల్లినోడు ఒట్టి వలతో వొస్తే వల్ని తిడతామేటి మేస్టారూ? నీడకొచ్చి కూకో, గంజి తాగుదువు."

ఆయన కూర్చున్నారు. గంజి తాగలేకపోయారు.

ఆ తర్వాత నన్ను వ్యాయామ విద్య కోర్సులో చేర్పించింది ఆయనే. పరీక్షలప్పుడు తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఉద్యోగం కోసం రాజాం నుంచి విజయనగరం దాకా ఎన్ని బళ్ల గుమ్మాలెక్కారో. నాకో దారి దొరికింది. ఆయనే దారి మార్చేసుకున్నారు. ఇక ఏ పిల్లాడి చేతికీ ఆ బంతి ఇవ్వలేదు. పిల్లలు వచ్చి అడిగితే "కబాడీ ఆడుకోండర్రా, పొండి" అనేవారు. రిటైరై సొంతూరు వెళ్లేదాకా అంతే. నేనెంత చెప్పినా వినలేదు. "రైల్వేలో ఉంటే ఈపాటికి నీకు క్వార్టరొచ్చేదిరా" అని మాట మార్చేసేవారు. లీగు పోయినందుకు నాకు బాధే. అది పోతూ పోతూ మా మాస్టారిలోని ఆటను కూడా పట్టుకుపోయిందే, ఆ బాధ ఇంకా తీరలేదు.

కిందటి నెల ఒక శనివారం చూడ్డానికి వెళ్లాను. మనిషి సగమయ్యారు. టీ తాగుతూ తాగుతూ, "ఒరే, నిజం సెప్పు. ఆ కొలువొగ్గకుండా ఉంటే బాగుణ్ణని అనిపించలేదా నీకు?" అన్నారు.

"అనిపించింది మాస్టారూ. పని దొరకనప్పుడు శానాసార్లు అనిపించింది."

ఆయన తలూపారు.

"కానీ ఆ లీగు మల్లీ పెడితే, మల్లీ ఎల్తాను."

"ఎల్తావా?"

"ఎల్తాను."

ఆయన గ్లాసు కింద పెట్టి, "ఎదవన్నర ఎదవ్వి" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు. ఈ మాట నన్ను ముందే అడిగి ఉంటే, ఆ తడి ఇసకలో ఇంకెంతమంది పిల్లలు ఆడి ఉండేవారో!

వద్దన్నా వినకుండా ఆటో దాకా వచ్చారు. ఆటో కదిలాక వెనక్కి చూశాను. బడి వదిలిన పిల్లలు సైకిళ్ల మీద గుంపుగా వస్తున్నారు. బనీనుతో ఉన్న మాస్టారు రోడ్డు మధ్యకి వెళ్లి, మోకాళ్లు కొంచెం వంచి, చేతులు రెండూ బారుగా చాపి నిలబడ్డారు. "తాతా, తప్పుకో!" అని అరుస్తూ, నవ్వుతూ, పిల్లలు అటూ ఇటూ చీలిపోతున్నారు. ఆయన మాత్రం నవ్వకుండా, ముందు చక్రం ఎటు తిరుగుతుందో చూస్తూ, కాస్త ఎడమకి జరిగారు.