కంప్యూటర్ దానంతట అది పంపదు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు, ఒక్కరి ముందు తప్ప, ఎన్నిసార్లు నోరు తెరిచినా మాట రాలేదు. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తూ తిరుగుతున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు, రెండు ముక్కలు. దాని వల్ల ఒక ఆడమనిషి బతుకు తలకిందులైంది. దానికి ముందు నేను చేసిన ఒక చిన్న పని వల్ల ఒక మనిషికి సంసారం లేకుండా పోయింది, తర్వాత ఆ మనిషే లేకుండా పోయాడు. రెండిట్లో ఏది పెద్ద తప్పు? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మాది నస్పూర్. నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను కంప్యూటర్లు చదువుకుని గోదావరిఖనిలో ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో చేరాను. సర్వర్ చూసుకోవడం నా పని. ల్యాబు యజమాని ఒక డాక్టర్ గారు, గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. కౌంటర్లో రాజేశ్వరక్క ఉండేది. పేర్లు రాసుకోవడం, ఫోన్ నంబర్లు తీసుకోవడం, రిపోర్టులు ప్రింటు తియ్యడం అంతా ఆమే. నేను చేరిన కొత్తలో టిఫిన్ తెచ్చుకోకపోతే తన డబ్బాలో సగం నా వైపు జరిపేది. అడిగేది కూడా కాదు.

రిపోర్టు తయారవగానే దాన్ని ఫోనుకు పంపే ప్రోగ్రామ్ ఒకటి సర్వర్లో ఎప్పుడూ నడుస్తూ ఉండేది. దానికి అన్ని రిపోర్టులూ ఒకటే. షుగరు రిపోర్టయినా, ఇంకే రిపోర్టయినా కనిపిస్తే పంపేస్తుంది. డాక్టర్ గారికి అది నచ్చలేదు. "కొన్ని రిపోర్టులు నేను కూర్చోబెట్టి చెప్పాలయ్యా. ఫోన్లో పోకూడదు. ఎలా ఆపుతావో చూడు," అన్నారు.

చూశాను. నిజంగా మనసు పెట్టి చేశాను. సర్వర్లో ఆపరేటింగ్ సిస్టమే అమలుచేసే కట్టడి ఒకటుంటుంది. ప్రతి ఫైలుకూ ఒక లేబుల్ ఉంటుంది, నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ, అంటే సర్వీసుకూ, ఒక లేబుల్ ఉంటుంది. ఏది దేన్ని తాకవచ్చో పాలసీలో, అంటే నియమాల జాబితాలో, రాయాలి. రాయనిది జరగదు. ఆ సర్వీసు ఎవరి పేరున నడిచినా, ఎవరు ఏ బటన్ నొక్కినా జరగదు. డాక్టర్ గారు ఆపి ఉంచమన్న రిపోర్టులకు వేరే లేబుల్ పెట్టాను. పంపే సర్వీసు వాటిని కనీసం తెరవలేదు. చాలా రోజులు పట్టింది. పూర్తయ్యాక డాక్టర్ గారు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి చెప్పుకున్నారు. ఆ పొగడ్త నాకు బాగా ఎక్కింది.

తర్వాత ఒక సోమవారం పొద్దున ఆ ప్రోగ్రామ్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. అది ఎక్కడో కొత్త ఫోల్డర్లో రాసుకోవాలని చూసింది. నా పాలసీలో ఆ ఫోల్డర్ లేదు. కట్టడి దాన్ని ఆపేసింది. ఎవరికీ రిపోర్టులు పోవడం లేదు. కౌంటర్ ముందు జనం, డ్యూటీకి పోవాలని అరుపులు, లోపలి నుంచి డాక్టర్ గారి పిలుపులు. చెయ్యాల్సిందేమిటో నాకు తెలుసు. ఆ ఒక్క ఫోల్డర్‌కు అనుమతి ఇస్తూ పాలసీలో ఒక నియమం కలపాలి. కూర్చుని చేస్తే కాసేపటి పని. నేను చేసింది అది కాదు. ఆ సర్వీసును పర్మిసివ్ మోడ్‌లో పెట్టాను. అంటే కట్టడి ఉన్నట్టే కనిపిస్తుంది, తప్పు జరిగితే రాసుకుంటుంది, కానీ దేన్నీ ఆపదు. రిపోర్టులు చకచకా పోయాయి. జనం వెళ్లిపోయారు. మధ్యాహ్నం సరిచేద్దామనుకున్నాను.

మధ్యాహ్నం చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. మరిచిపోయానని చెప్పుకుంటే బాగుండేది. మరిచిపోలేదు. అంతా నడుస్తోంది కదా, ఇప్పుడు కదిలిస్తే మళ్లీ ఆగుతుందేమో అని బద్ధకించాను.

ఆ వారంలోనే సమ్మయ్య వచ్చి రక్తం ఇచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ డ్రైవర్. అతని దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందుకని బామ్మర్ది నంబర్ రాయించాడు. రిపోర్టులో హెచ్ఐవి ఉందని వచ్చింది. డాక్టర్ గారు దాన్ని ఆపి ఉంచమన్నారు. ఆపి ఉంచే చోటే పెట్టారు కూడా. ఆపే కట్టడి లేదు. రిపోర్టు బామ్మర్ది ఫోనుకు పోయింది.

రెండు రోజులకు సమ్మయ్య కౌంటర్ దగ్గరికి వచ్చాడు. నేను పక్కనే ప్రింటర్ బాగుచేస్తున్నాను. "నా రిపోర్టు అచ్చిందా అక్కా?" అని అడిగి, ఎవరూ ఏమీ అనకముందే మళ్లీ అన్నాడు. "మా బామ్మర్ది అచ్చి నా పెండ్లాన్ని, పిల్లల్ని కాసిపేట తోలుకపోయిండు. ఎందుకో చెప్తలేడు. నన్ను గడప తొక్కనిస్తలేడు."

అతనికి తెలియదు. బామ్మర్దికి తెలిసిన సంగతి అతనికి తెలియదు. నాకు మాత్రం ఆ క్షణంలోనే మొత్తం అర్థమైంది. డాక్టర్ గారు అతన్ని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు. బయటికి వచ్చినప్పుడు సమ్మయ్య ఎవరినీ చూడలేదు. మందులకు సర్కారు దవాఖానకు రాసిచ్చిన చీటీ టేబుల్ మీదే వదిలేసి వెళ్లిపోయాడు. మందులు వాడితే ఎన్నో ఏళ్లు బతికే జబ్బది. భార్య పక్కన ఉండి, డాక్టర్ గారు నెమ్మదిగా చెప్పి ఉంటే వాడేవాడేమో. ఏమో. అతను మందులు మొదలుపెట్టలేదు. మరుసటి వానాకాలంలో చనిపోయాడని విన్నాను. భార్యకు పరీక్ష చేయించారో లేదో నేను కనుక్కోలేదు.

అతను వెళ్లగానే నేను సర్వర్ దగ్గరికి పరుగెత్తి కట్టడిని మళ్లీ బిగించాను. ముందు ఎగ్గొట్టిన నియమం అప్పుడు రాశాను. కాసేపే పట్టింది. ఆ మధ్య ఇంకెవరెవరి రిపోర్టులు అలా పోయాయో సర్వర్ రాసుకునే ఉంటుంది. నేను తెరిచి చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది కదా.

రిపోర్టు బామ్మర్ది ఫోనుకు పోయిందని తెలిశాక కూడా డాక్టర్ గారికి నా పని మీద నమ్మకం పోలేదు. సర్వర్ నుంచి దానంతట అది పోయే వీల్లేదని నేనే చెప్పాను కాబట్టి మనిషే పంపి ఉండాలి అన్నారు. ఆ రిపోర్టు ప్రింటు తీసి ఆయన టేబుల్ మీద పెట్టింది రాజేశ్వరక్క. ఆమె ఒట్టు పెట్టుకుంది, ఏడ్చింది, ఆఖరికి నా వైపు తిరిగింది.

"తమ్మీ, మిషన్ సంగతి నీకెరుక గదా. నేను పంపలేదని సార్‌కు జెర చెప్పు."

నేను అన్నాను, "కంప్యూటర్ దానంతట అది పంపదక్కా. ప్రింటు బటన్ పక్కనే పంపే బటన్ ఉంటది. నువ్వే నొక్కినవేమో, యాదికి తెచ్చుకో."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది. ఆమె ఆ బటన్ నొక్కినా కట్టడి సరిగా ఉంటే రిపోర్టు పోదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? ఆ ఉద్యోగం పోతే ఇంకోటి దొరికేది, ఆ సంగతీ నాకు తెలుసు. తెలివైనవాడన్న పేరు పోతుందని అన్నాను. అంతకన్నా గొప్ప కారణం వెతికితే దొరకలేదు. ఆకలి కోసం అబద్ధమాడినవాణ్ని మీరు క్షమించగలరేమో. నాది ఆకలి కూడా కాదు.

ఆమెను ఆరోజే పంపేశారు. సంగతి పాకిపోయింది, ఊళ్లో ఇంకే ల్యాబులోనూ పెట్టుకోలేదు. సమ్మయ్య తల్లి ఆమె ఇంటి ముందు నిలబడి శపిస్తూ మన్ను తీసి పోసిందని విన్నాను. తర్వాత రాజేశ్వరక్క కుటుంబం ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. నేను ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను. జీతం పెరిగింది.

మొన్నీమధ్య ఏదో పని మీద పెద్దపల్లి వెళ్తే ఒక బట్టల దుకాణంలో ఆమె కనిపించింది. చీరలు మడతపెడుతోంది. జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వి, పెండ్లయిందా అని అడిగింది. ఆ నవ్వు భరించలేకపోయాను. అక్కడే, కౌంటర్‌కు ఇవతల నిలబడి మొత్తం చెప్పేశాను. ముందూ వెనకా లేకుండా చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నేనే నొక్కిన్ననుకున్న," అంది. "ఇన్నేండ్లు నేనే నొక్కిన్ననుకున్న తమ్మీ. సమ్మయ్య సచ్చిపోయిండని ఇన్ననాడు మా ఆయనకు గూడ గదే చెప్పిన. నా చెయ్యే పొరపాటున పడ్డదని ఒప్పుకున్న."

నేను చెయ్యని ఒప్పుకోలు ఆమె చేసింది. చెయ్యని తప్పుకు. ఆ తప్పును ఆమె తలలో పెట్టింది నేను.

"సమ్మయ్య పెండ్లానికి చెప్పినవా?" అని అడిగింది.

లేదన్నాను. అప్పుడు ఎవరో చీర ధర అడిగారు. ఆమె అటు తిరిగింది. మళ్లీ నా వైపు తిరగలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. తిట్టలేదు, పొమ్మనలేదు, పోనీలే అని కూడా అనలేదు. ఎందుకంటుంది?

సమ్మయ్య భార్య పుట్టిల్లున్న కాసిపేట ఇక్కడికి దూరమేమీ కాదు. ఇంకా వెళ్లలేదు. వెళ్తానని మీకు మాట ఇవ్వలేను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. ఆ రిపోర్టు రాజేశ్వరక్క పంపలేదు. కట్టడి తీసింది నేను. ఆమె మీద వేసింది నేను. ఇలా రాసి పెట్టాక కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే. ఆ కాస్త కూడా నాకు దక్కాల్సింది కాదేమో.